అందమా, ఆనవాలా?

మావయ్య చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవారు. ఉత్తరాంధ్రలోని బౌద్ధ స్థలాలనూ పాత కట్టడాలనూ ఏళ్ల తరబడి ఫొటోలు తీసి, ఒక్కోదాని వెనక తేదీ రాసి దాచుకున్నారు. మేనకోడలికి ఫొటోగ్రఫీయే బతుకుతెరువు. అనంతగిరి కొండల నుంచి భీమిలి తీరం దాకా, అనకాపల్లి వైపు గుహలనూ ఆవనూ కూడా కలుపుకుని, విశాఖలో ఒక ప్రదర్శన పెట్టబోతోంది. గోడకి ఏవి ఎక్కాలి, ఏవి ఎక్కకూడదు అన్న దగ్గర ఇద్దరికీ వాదన మొదలైంది.

మావయ్య: భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల ఫొటో చూశానమ్మా. చాలా బాగుంది. అంత బాగుండటమే నాకు నచ్చలేదు. ఆ గోడ అవతల ఊరుంది, కరెంటు తీగలున్నాయి, మేడలున్నాయి. నీ ఫొటోలో అవేవీ లేవు. ఎవరూ లేని ఒడ్డున, పదిహేడో శతాబ్దం నాటి గాలిలోనే ఇంకా ఉన్నట్టు కనిపిస్తున్నాయి సమాధులు. ఇది భీమిలి కాదు.

మేనకోడలు: కంప్యూటర్లో నేను దేన్నీ చెరపలేదు మావయ్యా. రెండడుగులు పక్కకి జరిగి, మోకాలి మీద కూర్చుని తీశాను. అక్కడ కూర్చుంటే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. ఫొటో అంటేనే నాలుగు వైపులా గీత గీయడం. ఆ గీత అవతల ఎప్పుడూ ఏదో ఒకటి ఉండిపోతుంది.

మావయ్య: ఉండిపోతుంది, నిజమే. ఏది ఉండిపోవాలో తేల్చేది మాత్రం నువ్వే కదా? ఆ సమాధులకి ఇవాళ ఉన్న ముప్పంతా నువ్వు వదిలేసిన వైపు నుంచే వస్తోంది. రేపు ఆ గోడ ఒరిగితే ఎప్పుడు ఒరిగింది, ఎటు నుంచి ఒరిగింది అని వెతుక్కునేవాడికి నీ ఫొటో ఏం చెబుతుంది? సాయంత్రం బంగారు రంగులో ఉందని చెబుతుంది.

మేనకోడలు: ఆ బంగారు రంగు లేకపోతే గోడ ఒరిగిందన్న సంగతి ఎవరికి పడుతుంది? భీమిలి వెళ్లినవాళ్లలో చాలామంది బీచిలో దిగి, లైట్‌హౌసు చూసి తిరిగొచ్చేస్తారు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని, డచ్చివాళ్ల ఓడలు ఆగిన రేవని తెలియనివాళ్లే ఎక్కువ. ముందు కాలు ఆగాలి. కాలు ఆగాలంటే కన్ను ఆగాలి. నా పని అదే.

మావయ్య: కన్ను ఆగడం ఒక పని. ఆనవాలు మిగలడం ఇంకో పని. అమరావతి సంగతే తీసుకో. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన పలకలు మద్రాసుకి చేరి ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1858లో లినియస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. ఆ తర్వాతి ఏడాదే చాలా పలకలు లండన్‌కి ఓడెక్కాయి. ఏ పలక అప్పటికి ఎంత మిగిలి ఉందో ఇవాళ పోల్చి చూడగలుగుతున్నామంటే ఆ ఫొటోల వల్లే. నాగార్జునకొండ చూడు. 1954 నుంచి 1960 దాకా తవ్వారు. తర్వాత ఆ లోయంతా నాగార్జునసాగర్ నీళ్ల కిందికి పోయింది. కొన్ని కట్టడాలను తెచ్చి మళ్లీ పేర్చారు గానీ, అవి మొదట నిలబడిన నేల మనకి ఫొటోల్లోనూ పటాల్లోనూ తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ఫొటోలు తీసినవాళ్లు సూర్యాస్తమయం కోసం కాచుకుని ఉంటే ఏమయ్యేది?

మేనకోడలు: మీరు సాక్షిగా పిలిచిన ట్రైప్‌నే అడుగుదాం. 1855లో బర్మాలో తీసిన ఫొటోల్లో ఆకాశం వెలవెలబోతోందని నెగటివ్ మీద చేత్తో రంగు పూసి మబ్బులు గీశాడు. పై అధికారులకి పంపవలసిన ఫొటోల్లోనే ఆ పని చేశాడు. అందం అక్కర్లేదనుకున్నవాడు అంత కష్టం ఎందుకు పడతాడు?

మావయ్య: మబ్బులు గీశాడు. పగోడాలని ముట్టుకోలేదు. నేను గీత గీసేది అక్కడే. ఇవాళ మీ చేతిలో ఉన్న సాధనాలకి ఆ హద్దు లేదు. ఒక్క మాట టైపు చేస్తే కొత్త ఆకాశం వస్తుంది, లేని కొలను వస్తుంది, ఉన్న గుడిసె పోతుంది.

మేనకోడలు: ఆ విషయంలో మీకూ నాకూ తేడా లేదు. అక్కడ లేని దాన్ని పెట్టినది నా దృష్టిలో ఫొటోయే కాదు. అలాంటిది ఈ గోడ మీద ఒక్కటీ ఉండదు.

మావయ్య: మరి నీ ఎర్రమట్టి దిబ్బల ఫొటో సంగతేమిటి? ఆ ఎరుపు అక్కడ ఉన్న ఎరుపేనా?

మేనకోడలు: కొంచెం పెంచాను. ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. ముందు ఒక మాట వినండి. ఆ దిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వ స్థలం అయ్యాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఈ మధ్యకాలంలో ఆ నేల ఏమిటో మామూలు మనిషికి చెప్పింది భూగర్భ శాస్త్రం వ్యాసాలు కాదు. ఆ ఎర్రటి లోయల ఫొటోలూ, అక్కడ తీసిన సినిమా పాటలూ. దిబ్బల అంచున యంత్రాలతో నేల చదును చేస్తే ఊరంతా గగ్గోలు పెట్టిందంటే, జనం మనసులో అప్పటికే ఆ ఎరుపు ఉంది కాబట్టే.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ ఎరుపు ఎలా వచ్చిందో నీకు తెలుసు కదా. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గితే బయటపడిన ఇసుకని గాలి తెచ్చి పోసింది. వేల ఏళ్ల మీద అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది, ఇసుక రేణువుల చుట్టూ ఎర్రటి పొర కట్టింది. వానలు దాన్ని కోసి గండ్లు చేశాయి. అన్ని పొరలూ ఒకే ఎరుపు కావు. కింద పసుపు, మధ్యలో గోధుమ, ఒకచోట ఇటుక రంగు. ఏ పొర ఎప్పటిదో చదివే మనిషికి ఆ తేడాయే అక్షరాలు. నువ్వు ఎరుపు పెంచినప్పుడల్లా ఆ తేడా చెరిగిపోతుంది. నీ ఫొటోలో దిబ్బ మొత్తం ఒకే కుంకుమ రంగులో ఉంది.

మేనకోడలు: ఇది మంచి వాదన. రంగు పెంచినది ప్రదర్శనకి రాదు, అసలు రంగుదే పెడతాను. అయితే అది మధ్యాహ్నం తీసినది కాదు. మన తీరంలో పొద్దు సముద్రంలోంచి వస్తుంది. తెల్లవారాక మొదటి గంటలో వెలుతురు సముద్రం వైపు నుంచి నేరుగా ఆ గండ్ల మీద పడుతుంది. ప్రతి పొరా విడివిడిగా కనిపించేది అప్పుడే. నడినెత్తిన ఎండ ఉంటే అంతా చదునుగా, పాలిపోయి కనిపిస్తుంది. అందమైన వెలుతురు అంటే అబద్ధపు వెలుతురని అనుకోకండి.

మావయ్య: అలా అనుకోను.

మేనకోడలు: లోపల అనుకుంటారు. అనకాపల్లి దగ్గర శంకరంలో లింగాలకొండ మీద మీరు తీసిన ఫొటో చూశాను. కొండరాతిలో తొలిచిన స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి కదా, మీ ఫొటోలో అవి రాతి గుట్టల్లా ఉన్నాయి. మీరు వెళ్లింది పన్నెండు గంటలకి. పక్కన బొజ్జన్నకొండ గుహ దగ్గర బుద్ధుడి శిల్పం అరిగిపోయింది. ముఖం, చేతి వాటం తెలియాలంటే ఏటవాలు వెలుతురు కావాలి. ఆ గంట కోసం నేను కాచుకున్నది ముచ్చట తీర్చుకోవడానికే కాదు, చదవడానికి కూడా. అరిగిన శిల్పానికి పక్కవాటు వెలుతురు చేసే మేలు మరేదీ చేయదని మీ పురావస్తు శాఖ వాళ్లకీ తెలుసు.

మావయ్య: ఆ దెబ్బ నాకు తగిలింది. ఆ శిల్పం నీ ఫొటోలో తెలిసినంత స్పష్టంగా నా ఫొటోల్లో ఎక్కడా తెలియదు. నా రోజుల్లో బస్సు దిగిన వేళకే ఫొటో. ఆ బస్సు మధ్యాహ్నానికి గానీ చేరేది కాదు.

మేనకోడలు: ఇంకొకటి కూడా చెప్పనివ్వండి. నేను తీగలు తప్పించానని మొదలుపెట్టారు. మీరు మనుషుల్ని తప్పిస్తారు. మీ ఆల్బముల్లో బొజ్జన్నకొండ మీద ఒక్క మనిషి లేడు. జనం దిగిపోయేదాకా ఆగి తీశారు. కనుమ నాడు ఆ కొండ చూశారా? చుట్టుపక్కల ఊళ్లన్నీ పిల్లా పాపలతో అక్కడే ఉంటాయి. ఒకప్పుడు ఆ రోజున అక్కడి విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరే ఆచారం కూడా ఉండేది. దాన్ని మాన్పించడానికి వారసత్వ ప్రేమికులు ఎంత తిరిగారో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ కొండ చరిత్ర నాలుగో శతాబ్దంతోనో తొమ్మిదో శతాబ్దంతోనో ఆగిపోలేదు. కనుమ నాటి జనం కూడా ఆ చరిత్రే. వాళ్లు లేని మీ ఫొటో పూర్తి సాక్ష్యం ఎలా అవుతుంది?

మావయ్య: ఇటుక కొలత తెలియాలంటే అడ్డం ఉండకూడదని ఆగేవాణ్ని.

మేనకోడలు: కొలత కోసం ఒకటి, మనుషులతో ఒకటి తీయవచ్చు కదా. కొండ మీద మెట్లెక్కుతున్న ముసలామె ఫొటోలో ఉంటే ఆ మెట్టు ఎత్తెంతో కూడా తెలుస్తుంది.

మావయ్య: మనుషుల మాట వచ్చింది గనక అరకు ఫొటోలు చూద్దాం. వలిసె పూల పసుపు మధ్యలో నిలబడిన అమ్మాయి. ఆమెకి తెలుసా, తన ముఖం విశాఖలో గోడకెక్కుతోందని?

మేనకోడలు: తెలుసు. అడిగాను, తీశాక చూపించాను, ప్రింటు తీసి ఇచ్చి వచ్చాను. వద్దన్నవాళ్లవి తీయలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు మావయ్యా, మీరు అడగడం సబబే.

మావయ్య: అలాగే కొండకర్ల ఆవ. తామరాకుల మధ్య తాటి దోనె, వెనక గుంపుగా లేచిన పక్షులు. ఆ పక్షులు తమంతట తాము లేచాయా, దోనె దగ్గరికి వెళ్తే లేచాయా?

మేనకోడలు: తమంతట తామే లేచాయి. పొద్దున్నే మేతకి వెళ్లే వేళది. దోనెవాడు కూడా దూరంగానే ఆపాడు.

మావయ్య: నువ్వు ఆపించావు. అందరూ ఆపించరు. చలికాలంలో అంత దూరం నుంచి వచ్చిన పక్షి తినాలి, సేదతీరాలి. ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపితే దాని ఒంట్లో సత్తువ పోతుంది. తేలినీలాపురంలో కొంగలు గూళ్లు పెట్టే చెట్ల కింద ఊరివాళ్లు ఎంత నెమ్మదిగా మసలుతారో చూశాను. కెమెరా పట్టుకున్నవాడికి ఆ మాత్రం మర్యాద రావాలి. అసలు ఆవ గురించి నా ఫిర్యాదు వేరు. అంతా తామరలే చూపించావు. ఒడ్డు ఎక్కడిదాకా ఉందో చూపించలేదు. పక్కనే అచ్యుతాపురం వైపు పరిశ్రమలు పెరిగాయి. నీరు ఏ నెలలో ఎంత దూరం పరుచుకుంటుందో, గుర్రపుడెక్క ఎంత మేర అల్లుకుందో ఏటేటా తీసి పెట్టినవాడేడీ?

మేనకోడలు: ఒక్క ఫొటోలో అది రాదు. అది తెలియాలంటే ఒకే చోట నిలబడి మే నెలలో ఒకటి, వానలు వెనకబట్టాక ఒకటి తీయాలి. అలా ఏళ్ల తరబడి తీయాలి.

మావయ్య: నేను ఇంత సేపటి నుంచీ చెబుతున్నది అదే. హంపీలో గ్రీన్‌లా అనే సైనికాధికారి 1856లో మైనపు కాగితం నెగటివ్‌ల మీద ఫొటోలు తీశాడు. 1980లలో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ అవే చోట్లు వెతికి పట్టుకుని, అక్కడే నిలబడి మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ మండపం ఒరిగింది, ఏ గోపురం మీద ఇటుక రాలింది, ఎక్కడ చెట్టు మొలిచింది అన్నీ తెలుస్తాయి. మన ఉత్తరాంధ్రకి అలాంటిది కావాలి. తొట్లకొండ బౌద్ధ స్థలమే చూడు. 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వారు. 2019లో వానలకి అక్కడి మహాస్తూపం కొంత కూలింది. మళ్లీ కట్టేవాడికి పాత రూపం ఎక్కడ దొరకాలి? ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, అంచులు కోయకుండా, తేదీ రాసి పెట్టుకున్న ఫొటోలో దొరకాలి.

మేనకోడలు: మీరు చెప్పే ఫొటో ఎవరు తీస్తారు మావయ్యా? ఉద్యోగంగా తీసేవాళ్లు ఎంతమంది? మన ఇంట్లో అమ్మ పెళ్లైన కొత్తలో విశాఖ ఆర్కే బీచిలో తీయించుకున్న ఫొటో ఉంది. వెనక ఇసుక ఎంత దూరం ఉందో చూశారా? ఇవాళ అక్కడ అంత ఇసుక లేదు.

మావయ్య: చూశాను. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. హార్బరు గోడలు దాన్ని అడ్డుకుంటాయి. దక్షిణాన మేట, ఉత్తరాన కోత. అందుకే పోర్టులో తవ్వి తీసిన ఇసుకని బీచికి చేరవేస్తూ ఉంటారు. మీ అమ్మ ఫొటో ఆ కథకి ఒక రుజువు.

మేనకోడలు: ఆ రుజువు ఎవరూ రుజువు కోసం తీయలేదు. కొత్త పెళ్లికూతురు, కొత్త చీర, వెనక సముద్రం. ముచ్చటపడి తీయించుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక కైలాసగిరి మీద పచ్చదనం ఎంత పోయిందో అందరూ పాత ఫొటోలతోనే పోల్చి చూసుకున్నారు. అవి కూడా విహారానికి వెళ్లినవాళ్లు తీసుకున్నవే. సాక్ష్యం కావాలనుకుంటే ఫొటో పుట్టదు. ముచ్చట ఉంటే పుడుతుంది. మీరు అందాన్ని పక్కకి నెడితే, మీకు కావలసిన ఆనవాళ్లు కూడా పుట్టవు.

మావయ్య: ఇంత సేపటికి నా వాదనలో కీలు ఊడబెరికావు. సరే, ముచ్చటే తీయిస్తుంది. కానీ మీ అమ్మ ఫొటో ఇవాళ పనికొచ్చింది ఎందుకు? వెనక మీ నాన్న పెన్నుతో నెల, సంవత్సరం, ఊరు రాశాడు. ఆ మూడు మాటలు లేకపోతే అది ఏదో ఒక సముద్రం, ఏదో ఒక రోజు. ఇప్పుడు అందరి ఫోనుల్లోనూ వేల ఫొటోలున్నాయి. ఒకరి నుంచి ఒకరికి పంపేటప్పటికి ఫొటోలో దాగిన తేదీ, చోటు ఊడిపోతాయి. ఫోను పాడైతే అసలుదే పోతుంది. ఇంతమంది ఇన్ని ఫొటోలు తీస్తున్న కాలంలో కూడా ఒక ఒడ్డు పదేళ్ల కింద ఎలా ఉండేదో చూపమంటే చూపలేని పరిస్థితి.

మేనకోడలు: తేదీ, చోటు, ఏ వైపు తిరిగి తీశానో, ఏ లెన్సో ప్రతి ఫొటో కింద రాస్తాను. రంగు సరిచేస్తే అదీ రాస్తాను. ముట్టని అసలు ఫైలు విడిగా రెండు చోట్ల దాస్తాను. ఇంతవరకూ మనకి తగువు లేదు. డ్రోనుతో తీసిన వాటికి 2021 నిబంధనల ప్రకారం ఆ చోటు ఎరుపులో ఉందో, పసుపులో ఉందో, ఆకుపచ్చలో ఉందో కూడా చూసుకునే ఎగరేశాను. డాల్ఫిన్స్ నోస్ వైపు, నౌకాదళం వైపు కెమెరా తిప్పలేదు.

మావయ్య: మంచిది. ఇక మిగిలింది వంజంగి. ఆ ఫొటో తీసేయమంటాను.

మేనకోడలు: పాడేరు పక్కన, కొండల మధ్య మబ్బు సముద్రం. ఈ ప్రదర్శనకే తలమానికం అది. ఎందుకు తీసేయాలి?

మావయ్య: కొన్నేళ్ల కింద ఆ కొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే తెలుసు. నీలాంటివాళ్ల ఫొటోలు చూసి జనం ఎగబడ్డారు. తెల్లవారుజామున బళ్లు బారులు తీరుతున్నాయి. దారి పొడవునా ప్లాస్టిక్. నడిచి నడిచి గడ్డి పోయిన చోట వాన పడితే మట్టి జారుతుంది. నీ ఫొటో గోడకెక్కితే ఇంకో వెయ్యిమంది వెళ్తారు. ఆ కొండ ఎంతమందిని మోయగలదో ఎవరూ లెక్క కట్టలేదు.

మేనకోడలు: ఆ దారిలో టీ అమ్ముకునే, గుడారాలు అద్దెకిచ్చే, బండి నడిపే గిరిజన కుర్రాళ్లకి ఈ చలికాలమే ఆదాయం. వాళ్ల కొండని చూడటానికి జనం వస్తే తప్పు జనానిది కాదు, ఏర్పాటు లేకపోవడానిది. రోజుకి ఇంతమందే అని హద్దు పెట్టవచ్చు. చెత్త మోసుకుని దిగాల్సిందే అని నియమం పెట్టవచ్చు. ఆ కొండ మీద మాట అక్కడి గ్రామ సభది కావాలి. మీరు ఫొటోని దాచేస్తే కొండ మారదు, ఆ కుర్రాళ్ల రాబడి మాత్రం పోతుంది.

మావయ్య: ఏర్పాటు వచ్చేదాకా ఆగమంటున్నాను. ఏర్పాటు ఎప్పుడూ జనం తర్వాతే వస్తుంది, కొండ పాడయ్యాక వస్తుంది.

మేనకోడలు: దాచవలసినవి నేనూ దాస్తాను. పక్షుల గూళ్ల చోటు చెప్పను. ఇంకా ఎవరూ ఎక్కని వాగు దారి చెప్పను. అవి నా దగ్గరే ఉంటాయి. కానీ తొట్లకొండ, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, ఆర్కే బీచి, కొండకర్ల ఒడ్డు, వీటి దగ్గర ఎక్కడ నిలబడి తీశానో అడుగుల లెక్కన రాసి పెడతాను. పక్కన మీ పాత ఫొటో, దాని పక్కన నాది, ఆ పక్కన ఖాళీ చట్రం. చూసినవాళ్లు ఆ చోటికి వెళ్లి నిలబడి తీసి, తేదీ రాసి తెచ్చి అందులో పెట్టాలి. వచ్చే ఏడాది ఇంకొకరు. ఆనవాళ్లు ఒక్కరి వల్ల కావు.

మావయ్య: నా ఫొటోలు అంత అందంగా ఉండవమ్మా, నీ వాటి పక్కన.

మేనకోడలు: మీ లింగాలకొండలో స్తూపాలు తెలియవు, నిజమే. కానీ తొట్లకొండ స్తూపం 2019కి ముందు ఎలా ఉండేదో మీ ఫొటోలో ఉంది. నా ఫొటోలో లేదు. అది ఎంత అందంగా తీసినా నాకు ఇక దొరకదు.

మావయ్య: పెట్టు అయితే. ఇటుకలు లెక్కపెట్టుకునేంత పెద్దదిగా పెట్టు. వంజంగి విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

మేనకోడలు: ఒప్పుకోకండి. ఆ ఫొటో కింద నా మాట ఎంత ఉంటుందో మీ మాటా అంతే ఉంటుంది. కొండకి వెళ్లాలా వద్దా అని చూసినవాళ్లు రెండూ చదివే తేల్చుకోవాలి.

మావయ్య: రాయి. నా పేరుతోనే రాయి.